ఖాకీ విప్పి కౌన్సెలర్ కావాలంటే

ఓ జనవరి రాత్రి తాడ్వాయి దగ్గర అటవీ శాఖ బేస్ క్యాంపులో, అడవి కాపలా కాసే మా వాచర్ ఒకాయన నాతో రెండు గంటలు మాట్లాడాడు. బిడ్డ పెళ్లికి చేసిన అప్పు, తాగుడు, ఇంట్లో ఎవరూ పలకరించకపోవడం. చలిమంట ఆరిపోకుండా పుల్లలు ఎగదోస్తూ నేను విన్నాను, అంతే. తెల్లారి చాయ్ తాగుతూ, "సారూ, శాన దినాలకు నిద్ర పట్టింది" అన్నాడు. అటవీ శాఖలో 24 ఏళ్లు పనిచేశాక నేను ఈ దారి పట్టడానికి ఆ మాటే కారణం. ఆ రాత్రి నేను చేసింది మంచి పనే గానీ కౌన్సెలింగ్ కాదని మాత్రం చదువుకు వచ్చాకే తెలిసింది. ఆయన తాగుడు గురించి నేను ఒక్క ప్రశ్న అడగలేదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అసలే అడగలేదు. మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుందామో కూడా చెప్పలేదు.

మీరూ అడవిలోనో, నర్సరీలోనో, జంతువుల పార్కులోనో, రైతుల చేలగట్ల మీదనో సగం జీవితం గడిపి ఇప్పుడు మనుషుల బాధ వినే పనిలోకి రావాలనుకుంటున్నారా? ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో, నేను ఎక్కడ తప్పు చేశానో వరుసగా చెబుతాను.

ముందు మీరు ఒకరి ఎదుట కూర్చోండి

కాలేజీ దరఖాస్తుకన్నా ముందు ఈ పని కావాలి. మంచి కౌన్సెలర్‌ను వెతుక్కొని, డబ్బు కట్టి, ఎనిమిది పది వారాలు మీ సంగతులు మీరు మాట్లాడండి. అడవి ఉద్యోగం లోపల చాలా దాచిపెడుతుంది. కలప దొంగలు రాళ్లు విసిరిన రాత్రి, పోడు దగ్గర వందమంది చుట్టుముట్టిన మధ్యాహ్నం, కళ్లముందే పోయిన తోటి ఉద్యోగి. "డ్యూటీ కదా" అనుకొని వాటిని పక్కన పెట్టేసి ఉంటాం. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలివానకు వేల చెట్లు ఒక్కసారిగా నేలకూలాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు అక్కడికి వెళ్లి నిలబడితే నాకు నోట మాట రాలేదు. నేను జీపీఎస్ పట్టుకొని తిరిగిన నల్లమద్దులు వేళ్లతో సహా పడి ఉన్నాయి. "చెట్లే కదా" అన్నారు చాలామంది. ఆ దుఃఖాన్ని నేను మొదటిసారి బయటపెట్టింది నా కౌన్సెలర్ దగ్గరే.

ఇదెందుకు అవసరమో మా క్లాసులో ఓ రోజు తెలిసొచ్చింది. పాత్రలు వేసుకొని మాట్లాడే అభ్యాసంలో తోటి విద్యార్థి పోడు రైతుగా కూర్చొని, "మీ సార్లు మా చేను దున్నిపిచ్చిండ్రు" అన్నాడు. నేను కౌన్సెలర్‌ని. నా అరచేతులు చెమటపట్టాయి, గొంతు లేచింది, జవాబు చెప్పుకోవడం మొదలుపెట్టాను. అతని బాధ ఒక్క ముక్క వినలేదు.

ఈ పనిలోకి ఎందుకు వస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. నలుగురికీ సలహాలు చెప్పడం ఇష్టమన్నదే మొదటి కారణమైతే ఇంకో ఏడాది ఆగండి. రిటైరయ్యాక పొద్దుపోక అయితే ఈ పని మిమ్మల్ని నిలబెట్టదు, ఎదుటివాళ్లకూ న్యాయం జరగదు.

ఏ పేరుతో పనిచేస్తారు?

ఊళ్లలో అందరినీ "మనసు డాక్టర్" అనేస్తారు. మీరు మాత్రం తేడా తెలుసుకోవాలి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన వైద్యులు. మందులు రాసేది వాళ్లు. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకోవాలంటే, 1992 నాటి చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువు, అక్కడ రిజిస్ట్రేషన్ ఉండాలి. అవి లేకుండా బోర్డు మీద ఆ మాట రాసుకోవడం తప్పు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ది ఇంకో దారి, దానికీ ప్రత్యేక శిక్షణ ఉంది.

ఇక కౌన్సెలర్. చాలాకాలం మన దేశంలో ఎవరైనా ఈ పేరు తగిలించుకోగలిగారు. రెండు రోజుల వర్క్‌షాపుకు వెళ్లొచ్చి బోర్డు పెట్టినవాళ్లను హనుమకొండలోనే చూశాను. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం సైకాలజిస్టులను, ఆరోగ్య కౌన్సెలర్లను, సోషల్ వర్కర్లను ఒక వృత్తి పట్టికలోకి తెచ్చింది. మీరు చేరబోయే కోర్సు ఆ చట్టం కింద చెల్లుతుందా అన్న ప్రశ్న ఇప్పటినుంచే అడగండి. ఫీజు కట్టాక అడిగితే లాభం లేదు.

చదువు ఎక్కడ, ఎట్లా

ఇక్కడ ఒక పాత సలహా ఇంకా తిరుగుతోంది: "దూరవిద్యలో ఎంఏ సైకాలజీ కట్టు, ఇంట్లో కూర్చొని పాసవ్వు." 2025 జులై–ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ వంటి ఆరోగ్య సంబంధ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ చెప్పేసింది. అంతకుముందే చేరినవాళ్ల సంగతి వేరు. ఇప్పుడు ఎవరైనా ఏజెంట్ "దూరవిద్య సీటు ఉంది" అని ఫోన్ చేస్తే పెట్టేయండి.

అంటే రోజూ కాలేజీకి వెళ్లి చదవాలి. తెలంగాణలో యూనివర్సిటీ పీజీ సీట్లకు సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. సైకాలజీ ఒక దారి, ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, ఇంకో దారి. రెండూ రెండేళ్లవి. నేను చదివింది ఎంఎస్‌డబ్ల్యూ. పల్లెల్లో తిరిగిన మనిషికి అది దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. చదువుతో పాటే వారం వారం ఫీల్డ్ వర్క్ ఉంటుంది; మనిషిని ఇల్లు, అప్పు, కులం, భూమితో కలిపి చూడడం నేర్పుతారు. మనసు పనితీరు, పరీక్షలు, చికిత్సా పద్ధతులు లోతుగా కావాలంటే మాత్రం సైకాలజీయే. బీఎస్సీ ఫారెస్ట్రీ, బీఏ, బీకాం, మీది ఏ డిగ్రీ అయినా ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ మీరే చదవండి, మధ్యవర్తి మాట నమ్మొద్దు.

కాలేజీకి వెళ్లి అడగాల్సినవి ఇవీ: నిజమైన మనుషులతో ఎన్ని గంటల అభ్యాసం ఉంటుంది? ఆ అభ్యాసాన్ని చూసి తప్పులు చెప్పే సూపర్‌వైజర్ ఎవరు? ఆస్పత్రిలో మానసిక విభాగానికి పంపుతారా? వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రి ఉంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఉంది. అట్లాంటి చోట అవుట్‌పేషెంట్ విభాగంలో ఓ మూల కూర్చొని నెలరోజులు చూస్తే ఏ బాధ మీ చేతుల్లో ఉంటుందో, ఏది వైద్యుడి దగ్గరికి పోవాలో అర్థమవుతుంది. కాలేజీ రాతపూర్వకంగా అనుమతి తేవాలి, మీరే తిన్నగా వెళ్లి నిలబడొద్దు.

ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లకు ఒక మాట. రోజూ క్లాసులుంటాయి కాబట్టి సెలవు లేకుండా కుదరదు. శాఖ అనుమతి లేకుండా ఫీజు తీసుకొని ప్రాక్టీసు చేయడానికీ లేదు. 2021 నుంచి మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 61. అప్పటిదాకా ఆగుతారా, జీతం లేని సెలవు పెడతారా, స్వచ్ఛంద విరమణ తీసుకుంటారా అన్నది ఇంట్లో కూర్చొని లెక్కలు వేసుకొని తేల్చుకోండి. రెండేళ్ల చదువు, ఆ తర్వాత కనీసం ఏడాది సరైన ఆదాయం ఉండదు. మా ఇంట్లో ఆ మూడేళ్లు నా భార్య జీతం మీద గడిచాయి. ఆ సంగతి చెప్పకుండా ఈ దారి చూపిస్తే అబద్ధమవుతుంది.

క్లాసులో 22 ఏళ్ల పిల్లలు మిమ్మల్ని "అంకుల్" అంటారు. వాళ్ల దగ్గర నేర్చుకోండి. ఫోన్‌లో ప్రేమ, ర్యాంకుల భయం, ఒంటరితనం గురించి వాళ్లకు తెలిసింది మనకు తెలియదు.

మాటల పుస్తకం ఒకటి పెట్టుకోండి

పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇంగ్లిషులో ఉంటాయి. మీ ముందు కూర్చునే మనిషి ఆ భాషలో బాధపడదు. పరకాల నుంచి వచ్చిన అవ్వ "డిప్రెషన్" అనదు. "రంది పెట్టుకున్న కొడుకా" అంటుంది. కొడుకు పోయిన తల్లిని గురించి "మనాదితో చిక్కిపోయింది" అంటారు. చీకటి పడితే గుండె దడదడలాడేది బుగులు. రోజూ అదే గొడవ, అదే పని, ఇంక వద్దనిపించేది యాష్ట. "పానం మంచిగ లేదు" అన్నదాంట్లో ఒళ్లూ ఉంది, మనసూ ఉంది. ఒక్కో మాట వెనక ఏముందో చెప్పినవాళ్లనే అడగండి: "రంది అంటున్నవు గద అవ్వా, ఆ రంది ఎట్లుంటది? పొద్దుగాల ఎక్కువనా, రాత్రి ఎక్కువనా?" నేను ఒక నోటుబుక్కులో మూడేళ్లుగా ఇవి రాస్తున్నాను. నా దగ్గరున్న అన్ని పుస్తకాలకన్నా అదే ఎక్కువ పనికొచ్చింది.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండి, కొలామి. ములుగు వైపు కోయ. మీకు ఆ భాష రాకపోతే మాట చేరవేసే మనిషి కావాలి. భర్తనో, పదేళ్ల బిడ్డనో ఆ పనికి కూర్చోబెట్టొద్దు. భర్త ముందు భార్య చెప్పలేనివి ఉంటాయి, బిడ్డ వినకూడనివీ ఉంటాయి.

అడవి నేర్పిందాంట్లో ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి

ఉంచుకోవాల్సింది చాలా ఉంది. నీటికుంట దగ్గర మంచె మీద నాలుగు గంటలు కదలకుండా కూర్చోగలం. కొమ్మ విరిగిన చప్పుడుకు, పిట్ట పలుకు ఆగిపోయినదానికి తేడా తెలుసు. జంతువు రానప్పుడు కోపం రాదు. కౌన్సెలింగ్ గదిలో ఎదుటి మనిషి మూడు నిమిషాలు మాట్లాడకపోతే తోటి విద్యార్థులు కంగారుపడేవాళ్లు. నాకు ఆ మౌనం అలవాటే. అక్కడ మనకు ముందడుగు ఉందన్నది నిజం.

వదలాల్సింది ఆఫీసర్ చెవి. ఆ చెవి నేరం ఎవరిదని వెతుకుతుంది. పాదముద్ర చూసి మగదో ఆడదో, ఎంత వయసో చెప్పేసే అలవాటు మనుషుల మీద ప్రమాదం. తాగి వచ్చినవాడిని చూడగానే కథంతా తెలిసిపోయినట్టు అనిపిస్తుంది. తెలియదు.

ఓ ఉదాహరణ చూడండి. భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన మనిషి అనుకోండి, "సార్, నిద్ర పడ్తలేదు" అన్నాడు. నేను మొదట్లో అడిగింది ఇట్లా ఉండేది:

"ఎన్ని రోజుల నుంచి? తాగుతవా? ఎంత తాగుతవు? ఎందుకు తాగుతున్నవ్?"

నాలుగు ప్రశ్నలు, ఒక పంచనామా. అతను "లేదు సార్" అని ముడుచుకుపోయాడు. ఇప్పుడైతే ఇట్లా మొదలవుతుంది:

"నిద్ర పట్టని రాత్రి ఏమైతదో చెప్పన్నా."

"మంచం మీద పొర్లుత సార్. ఫ్యాన్ దిక్కు చూస్త."

"చూస్తుంటే ఏం యాదికొస్తది?"

ఇక్కడ ఆగాలి. అతను ఊపిరి తీసుకుంటాడు, కళ్లు కిందికి వేస్తాడు. ఆ ఆగడంలోనే అసలు మాట వస్తుంది. "ఎందుకు" అన్న ప్రశ్నను మొదటి మూడు నెలలు నోట్లోంచి తీసేయండి. మన నోట, ముఖ్యంగా ఒకప్పుడు యూనిఫాం వేసిన నోట, ఆ మాట ఎదుటివాడికి నిందలా వినిపిస్తుంది. తాగుడు గురించి అడగాలి, తప్పకుండా అడగాలి. కానీ సంజాయిషీ అడిగినట్టు కాదు.

ఇంట్లో అభ్యాసం చేయండి. రోజూ 20 నిమిషాలు భార్యతోనో, భర్తతోనో, తమ్ముడితోనో కూర్చోండి. వాళ్లు మాట్లాడతారు. మీరు సలహా ఇవ్వకూడదు, "ఎందుకు" అనకూడదు, మీ అనుభవం చెప్పకూడదు. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి, "ఇదేనా నువ్వంటున్నది?" అని అడగండి. మొదటి వారం నేను ఒక్కరోజు కూడా 20 నిమిషాలు నిలవలేదు. ఐదు నిమిషాలకే పరిష్కారం చెప్పేసేవాణ్ని. నిలబడే తీరు, గొంతు స్థాయి కూడా చూసుకోండి. ఏళ్లతరబడి లారీ ఆపడానికి వాడిన గొంతు గదిలో చిన్నపిల్లను బెదరగొడుతుంది.

మీరు కేసు రాసిన ఊళ్లు

ఈ మాట ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు, అందుకే కొంచెం ఎక్కువసేపు చెబుతాను. ఉత్తర తెలంగాణలో అడవి ఉద్యోగి అంటే జనానికి అడవిని కాపాడినవాడే కాదు. ఎడ్లబండి పట్టుకున్నవాడు, గొడ్డలి గుంజుకున్నవాడు, చేలో కందకం తవ్వించినవాడు కూడా. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చాక, 2023లో పోడు పట్టాలు పంచాక కూడా ఆ జ్ఞాపకం పోలేదు. మీరు చట్టం ప్రకారమే చేసి ఉండొచ్చు. వాళ్ల తల్లి ఏడ్చిన రోజు మాత్రం వాళ్లకు మీ ముఖంతోనే గుర్తుంది.

కాబట్టి మీరు పనిచేసిన బీట్లు, సెక్షన్లు, రేంజ్‌లు కాగితం మీద రాయండి. ఆ మండలాల్లో కనీసం కొన్నేళ్లు కౌన్సెలర్‌గా కూర్చోవద్దు. సర్వీసులో ఉండగా అయితే అసలే వద్దు. వేరే ఊళ్లో కూర్చున్నా, ఎవరైనా మిమ్మల్ని గుర్తుపడితే మొదటి ఐదు నిమిషాల్లోనే మాట్లాడండి: "నేను ఫారెస్టుల పనిచేసిన. మీకు నాతోని మాట్లాడుడు ఇబ్బంది ఉంటే చెప్పుండ్రి, ఇంకొకరి దగ్గరికి పంపిస్త. మీరు చెప్పుడు ఆపితే నేను ఏమనుకోను." ఓ మనిషి ఇది విని లేచి వెళ్లిపోయాడు. ఇంకో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాడని తర్వాత తెలిసింది. అదే సరైన ఫలితం. ఆ సమయంలో మీ పాత పనిని సమర్థించుకోవద్దు, క్షమాపణలతో అతని మీద బరువూ పెట్టొద్దు. ఆ గంట అతనిది.

ఇంతకన్నా కష్టమైనది ఒకటి వస్తుంది. మీ ముందు కూర్చున్న మనిషి మాటల్లో మాటగా, "రాత్రి చేను చుట్టూ కరెంటు తీగ పెడుత సార్, పందులు అస్తున్నయ్" అంటాడు. మీలోని సెక్షన్ ఆఫీసర్ వెంటనే లేచి నిలబడతాడు. ఎప్పుడో ఉచ్చు పెట్టానని చెప్పుకుంటే అది రహస్యంగా ఉంచాల్సిన మాట. మీరు ఇప్పుడు దర్యాప్తు అధికారి కాదు. ఈ రాత్రి పెట్టే తీగ వేరు. ఆ తీగకు పందే తగలాలని లేదు, పొద్దున చేనుకు వచ్చే పక్క రైతు తగలొచ్చు. అట్లా మనుషులు చనిపోయిన ఊళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అప్పుడు దాపరికం లేకుండా, "ఈ సంగతి నన్ను బుగులు పెడ్తున్నది. ఎవరికన్న తగిలితే ఎట్ల? ఇయ్యాల తీసేద్దామా?" అని మాట్లాడాలి. తీయనంటే ప్రాణాపాయం కాబట్టి ఇంకొకరికి చెప్పాల్సి రావచ్చని అతనికే ముందు చెప్పాలి. సూపర్‌వైజర్‌తో అదే రోజు మాట్లాడాలి. మొదటి రోజు సంతకం పెట్టించుకునే అంగీకార పత్రంలో ఈ హద్దు తెలుగులో స్పష్టంగా రాసి ఉంటేనే ఇది న్యాయం: మీ మాటలు బయటికి పోవు, మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉంటే తప్ప, పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే తప్ప. రెండోది పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా తెలపాల్సిందే, కౌన్సెలర్‌కు మినహాయింపు లేదు.

చావు మాట నేరుగా అడగడం

వరంగల్ జిల్లాలో 1997–98లో పత్తికి పురుగు పట్టి, అప్పుల్లో కూరుకుపోయిన రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. ఆ కాలంలో నేను కుర్రవాణ్ని. మా ఊళ్లో ఒక చావు తర్వాత పెద్దలంతా "ఆ మాట ఎత్తొద్దు, ఎత్తితే ఇంకొకరికి తోస్తది" అనేవాళ్లు. అది నిజం కాదు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అప్పటికే ఉన్న ఆలోచన బయటికి వచ్చే సందు దొరుకుతుంది.

సూటిగా, మెల్లగా అడగండి: "ఇంత కష్టంల ఉన్నప్పుడు కొందరికి చచ్చిపోవాలె అనిపిస్తది. నీకు అట్ల అనిపిస్తున్నదా?" అవునంటే: ఎట్లా అనుకున్నావు, ఎప్పుడు, ఇంట్లో మందు డబ్బా ఉందా. మన పల్లెల్లో ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. పురుగుల మందు, గడ్డిమందు చేతికి అందేచోట ఉండొద్దు. ఆ కోపపు, దుఃఖపు అరగంట దాటిపోతే చాలామంది బతుకుతారు. కుటుంబంలో ఒకరిని పిలిపించి, అతని అంగీకారంతో, డబ్బాలు ఇంకో ఇంటికి చేర్చి తాళం వేయించండి. తాగేస్తే 108కి ఫోన్, ఆస్పత్రి, ఆలస్యం వద్దు. గడ్డిమందుల్లో పారాక్వాట్‌కు విరుగుడు లేదు. మొదటి రోజు మనిషి మామూలుగా కనిపిస్తాడు, తర్వాత మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. "మంచిగనే ఉన్నడు" అని ఇంటికి తెచ్చుకోవద్దని కుటుంబానికి గట్టిగా చెప్పండి.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆస్పత్రికి తీసుకుపోనివాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలంటుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీలోని 309 సెక్షన్, 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో లేదు. ఈ రెండు సంగతులూ బాగా చదివి పెట్టుకోండి. 14416 నంబరు చీటీ మీద రాసి చేతికివ్వండి. అది 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. చావు ఆలోచన బలంగా ఉన్న మనిషిని ఒంటరిగా ఇంటికి పంపొద్దు. ఆ రోజే సైకియాట్రిస్ట్ దగ్గరికి చేర్చండి. ఇది మీ చేతుల్లో ఉంచుకునే పని కాదు.

చెట్ల కింద కౌన్సెలింగ్

అడవి నుంచి వచ్చినవాళ్లందరికీ ఈ ఆలోచన వస్తుంది: మనుషులను గదిలో ఎందుకు కూర్చోబెట్టాలి, చెట్ల మధ్యకు తీసుకుపోతే చాలు కదా. జపాన్ అటవీ శాఖ 1982లోనే దీనికి షిన్రిన్ యోకు అని పేరు పెట్టింది, అడవి స్నానం అని అర్థం. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే కళ్లలోకి చూడాల్సిన పని ఉండదు, మగవాళ్లు ముఖ్యంగా తొందరగా నోరు విప్పుతారు. నేనూ చేస్తాను. కానీ అడవి మీకు అమ్మ అయినంత మాత్రాన అందరికీ కాదు. 2024 నవంబర్ చివర్లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేలో పనిచేస్తున్న మహిళ పులి దాడిలో చనిపోయింది. ఆ చుట్టుపక్కల ఊళ్ల మనిషికి పొదల్లో ఆకు కదిలితే ఏమనిపిస్తుందో ఊహించండి. "చెట్ల కిందికి పోదాం పద" అన్న మాటే అక్కడ గాయం. ముందు అడగండి, "మీకు మనసు నెమ్మదిగ ఉండే జాగ ఏది?" అని. గుడి అరుగు అంటారు, వంటగది అంటారు. అది చాలు.

బయట నడవాలనుకుంటే రక్షిత అటవీ ప్రాంతంలోకి తీసుకుపోవద్దు. మీకు దారులు తెలిసినా అనుమతి లేదు. హనుమకొండలో వడ్డేపల్లి చెరువు కట్ట, భద్రకాళి చెరువు వైపు చాలు. మే నెలలో ఏడు గంటలలోపు ముగించండి. మోకాళ్ల నొప్పి, షుగరు, గర్భం ఉన్నాయేమో అడగండి. మన ఊళ్లో కట్ట మీద నడిస్తే పదిమంది తెలిసినవాళ్లు ఎదురవుతారు. "ఎవరన్న కలిసి నేనెవరని అడిగితే ఏం చెప్పాలె?" అని బయల్దేరేముందే ఆ మనిషినే అడిగి ఆ జవాబే ఇవ్వండి. మొదటి రెండు మూడు సార్లు గదిలోనే కలవండి. చావు ఆలోచన ఉన్నవాళ్లతో నీళ్ల ఒడ్డుకు వెళ్లొద్దు.

పని, గది, ఫీజు

పని ఉంది. హింసకు గురైన మహిళలకు, పిల్లలకు తోడుండే సఖి, భరోసా కేంద్రాలు, గురుకుల పాఠశాలలు, ఆస్పత్రుల్లో హెచ్ఐవీ కౌన్సెలింగ్, వ్యసన విముక్తి కేంద్రాలు. భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల బొగ్గు ప్రాంతాల్లో షిఫ్టు పని చేసే కుటుంబాలు. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు పోయినవాళ్ల భార్యలు, తల్లులు. నోటిఫికేషన్లు జిల్లా వెబ్‌సైట్లలో పడుతుంటాయి, చాలావరకు ఎంఎస్‌డబ్ల్యూనో సైకాలజీనో అడుగుతారు. జీతాలు తక్కువ, ఎక్కువ భాగం కాంట్రాక్టే.

సొంతంగా కూర్చుంటే చిన్న గది చాలు. బల్ల అడ్డం లేకుండా రెండు కుర్చీలు కాస్త ఏటవాలుగా వేయండి. బల్ల ఉంటే ఆఫీసు గుర్తొస్తుంది. ఇద్దరికీ కనిపించేలా గడియారం, నీళ్లు, పక్కగదికి మాట వినిపించని తలుపు. రాసుకున్న కాగితాలు తాళం వేసిన బీరువాలో. ఫీజు ముందే చెప్పండి, కట్టలేనివాళ్లకు వారానికి రెండు గంటలు విడిగా పెట్టుకోండి. గోడ మీద యూనిఫాంలో ఉన్న ఫొటో, మెడల్ పెట్టొద్దు. నేను పెట్టాను, మూడో నెలలో తీసేశాను. నెలకు కనీసం రెండుసార్లు సూపర్‌వైజర్ దగ్గర కూర్చొని మీ కేసులు చెప్పుకోండి, పదేళ్లు నిండినా సరే.

పాత స్టాఫ్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు

ఇది తప్పకుండా వస్తుంది, ఎక్కువగా రాత్రి పది తర్వాత. మీతో పాటు బేస్ క్యాంపులో పడుకున్న మనిషి, "అన్నా, జర మాట్లాడాలె" అంటాడు. అతని భార్య మీకు చెల్లె, అతని పిల్లలు మిమ్మల్ని పెదనాన్నా అంటారు. అతనికి మీరు కౌన్సెలర్ కాలేరు. అతని ఇంట్లో అందరూ మీకు తెలుసు కాబట్టి అతను అన్నీ చెప్పలేడు, మీరు అన్నీ వినలేరు. ఆ రాత్రి అన్నగా వినండి. చచ్చిపోవాలని ఉందా అని అడగండి, నేను బేస్ క్యాంపులో అడగని ప్రశ్న అదే. ఉందంటే బయల్దేరి వెళ్లండి, లేదా దగ్గరున్న స్టాఫ్‌ను వెంటనే పంపించి 14416 కలపండి. అట్లాంటి ఆలోచన లేదని చెబితే, "తమ్మీ, ఇది నాతోని అయ్యేది కాదు, మంచి మనిషి ఒకరున్నరు, రేపు పొద్దుగాల నేనే ఫోన్ చేసి టైం తీసుకుంట" అనండి. తీసుకోండి. రెండో రోజు, "పోయినవా?" అని అడగండి. పోయానంటే లోపల ఏం మాట్లాడారని అడగొద్దు, చాయ్‌కి రమ్మని పిలవండి.